కరెంటు లేని వేళ చేపల తొట్టె

ఈ మాసం మా శీర్షికకు చేపల తొట్టెను తీసుకున్నాము. ఊరంతా చీకట్లో ఉంటే చేపల సంగతా అని కొందరు నవ్వవచ్చు, నవ్వనివ్వండి. మా షోళింగనల్లూరులో కుక్కను పెంచటానికి ఒప్పుకోని ఇంటివారు కూడా చేపల తొట్టెకు అడ్డు చెప్పరు. అందుచేత పిల్లలున్న చాలా ఇళ్ళలో ఆ రెండడుగుల గాజుపెట్టె ఉండనే ఉంటుంది. ఆ చేపలకు పేర్లు కూడా ఉంటాయి. పేరు పెట్టి పిలుచుకున్న ప్రాణి తెల్లవారేసరికి వెల్లకిలా తేలితే, ఆ పూట పిల్లలకు అన్నం సహించదు.

మా వైపు కరెంటు పోవటమంటే ఎప్పుడూ పది నిమిషాల ముచ్చట కాదు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దగ్గర తీరం దాటి చెట్లనూ స్తంభాలనూ కూల్చినప్పుడు, శివారు వీధులు అనేకం రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గాని, అంతకుముందే చెన్నై మీద కుండపోత కురిపించి మరీ వెళ్ళింది. నీళ్ళు నిలిచిన వీధులకు కరెంటు ఆపి ఉంచారు. ఆపటమే క్షేమం, అందులో ఎవరినీ అనవలసింది లేదు.

అటువంటప్పుడు చేపకు కావలసినది వెలుతురు కాదు, మేత కాదు, ఊపిరి. గాలిలోని ప్రాణవాయువు నీటి పైభాగంలోనే నీటితో కలుస్తుంది. పంపు వదిలే బుడగలు చేసే ముఖ్యమైన పని ఆ పైనీటిని కదిలించి, అడుగునీటిని పైకి తేవటమే. అది ఆగితే అడుగునీరు అడుగునే ఉండిపోతుంది. పైగా నీరు వేడెక్కినకొద్దీ ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే ఇముడుతుంది. ఆ లెక్కన డిసెంబరు రాత్రికంటె మే నెల రాత్రి కోతకే ఎక్కువ భయపడాలి. మొక్కలున్నాయి కదా అనుకోవద్దు. చీకట్లో అవి కూడా ప్రాణవాయువును వాడుకునేవే.

చలిదేశాల పుస్తకాలు చదివినవారు కరెంటు పోగానే తొట్టెకు దుప్పటి చుడతారు. అక్కడ హీటరు ఆగితే నీరు చల్లబడి చేప చస్తుంది గనుక వారికి దుప్పటి కావాలి. మనకు అది తలకిందుల వైద్యం. మనం మూత తీసెయ్యాలి, కిటికీ తెరవాలి. దూకే చేపలుంటే పైన దోమతెర గుడ్డ పరిస్తే చాలు.

చేపలన్నీ ఒక తీరువి కావు. బజారులో కొర్రమీను చారెడు నీళ్ళలో బతికి ఉండటం చూసే ఉంటారు. అది పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చుకోగలదు. తొట్టెల్లో పెంచే ఫైటరుకూ గౌరామీకీ ఆ శక్తి ఉంది. గోల్డుఫిష్‌కు లేదు. ఒళ్ళు పెద్దది, మలినమూ ఎక్కువ. అది పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే, పిల్లలు పాపం ఆకలనుకొని మేత వేస్తారు. పెద్దలూ వేస్తారు. అక్కడే ప్రాణం పోతుంది. మిగిలిన మేత కుళ్ళి, ఉన్న కాస్త ప్రాణవాయువునూ హరిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దచేప మూడు నాలుగు రోజులు పస్తుండగలదు. ఏకాదశి ఉపవాసాలు చేసే ఇళ్ళలో ఈ మాట నమ్మించటం సులభం.

మరి చేయవలసినదేమిటంటే, సబ్బు అంటని చెంబు ఒకటి తీసుకొని, తొట్టెలోని నీళ్ళే ముంచి జానెడెత్తునుంచి మళ్ళీ తొట్టెలోనే పొయ్యాలి. అరగంటకొకసారి అయిదారు నిమిషాలు. చేపలు పైకి వస్తుంటే ఇంకా తరచుగా. రాత్రికి ఇంటిల్లిపాదీ వంతులు వేసుకోవచ్చు. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ముందే కొని ఉంచుకుంటే ఈ జాగారం తప్పుతుంది. రంగుచేపల వ్యాపారానికి పేరుపడ్డ కొళత్తూరులో దొరుకుతుంది. అక్కడ ‘మీన్ తొట్టి’ అని అడగాలి. మన తొట్టె, వారి తొట్టి ఒకటే మాట.

ఇన్వర్టరున్న ఇంట వేరే తగవు వస్తుంది. గాలి అత్తగారికా, చేపలకా? మేము గుమాస్తాపని చేసేవాళ్ళం, లెక్క వేసి చూశాము. చిన్న గాలిపంపుకు 5 వాట్లు చాలు. పాతరకం సీలింగు ఫ్యానుకు 70 వాట్లు కావాలి. అంటే ఫ్యాను ఒక గంటలో వాడుకునేది పంపుకు 14 గంటలు వస్తుంది. పెద్దావిడ ఫ్యాను ఆపనక్కరలేదు, టీవీ ఆపితే రెండూ తిరుగుతాయి. తొట్టె దీపం మాత్రం ఇన్వర్టరు మీద దండగ.

పంపును తొట్టెకంటె దిగువన పెట్టేవారికి ఒక హెచ్చరిక. పంపు ఆగగానే నీరు గొట్టం వెంట వెనక్కు జారి పంపులోకీ, నేలమీదికీ వస్తుంది. పక్కనే ప్లగ్గు ఉంటే మనుషులకే ప్రమాదం. పంపును నీటిమట్టానికి పైన పెట్టండి, లేదా నీరు వెనక్కు రానీయని చిన్న వాల్వు గొట్టానికి తగిలించండి.

నీరు మార్చవలసి వస్తే నాలుగో వంతుకు మించి మార్చవద్దు. వరద వచ్చిన రోజుల్లో సంపులోకి మురుగు చేరుతుంది, ఆ నీరు పనికిరాదు. కరెంటు లేక మోటారు తిరగదు గనుక మేడమీది ట్యాంకులో ఉన్నది మనుషులకే చాలదు. అందుకే తుపాను కబురు వినగానే బిందెలతోపాటు చేపలకూ ఒక బకెట్టు పట్టి, క్లోరిను విరగటానికి తెరిచి ఉంచాలి.

కరెంటు రాగానే స్విచ్చి వేయటానికి తొందరపడవద్దు. మూసి ఉన్న ఫిల్టరులో గంటల తరబడి నిలిచిన నీరు కుళ్ళి, కోడిగుడ్డు మురిగిన వాసన వేస్తుంది. దాన్ని తొట్టెలోకి వదిలితే రాత్రంతా పడ్డ పాటు వృథా. ఆ నీరు పారబోసి, లోపలి స్పాంజిని బకెట్టులోకి తీసిన తొట్టెనీటితోనే పిండి, అప్పుడు ఆడించండి. కుళాయి నీటితో కడిగితే, నీటిని శుభ్రంచేసే సూక్ష్మజీవులు క్లోరినుకు చస్తాయి. మేత మరునాటి ఉదయం వేయవచ్చు, అదీ చిటికెడు.