వందనములలో సత్యము



ఆదివారం ఆరాధన ముగిసి, గుమ్మం దగ్గర చెప్పులు వెదుక్కొనే వేళ మనం ఒకరినొకరం "వందనాలండీ, బాగున్నారా?" అని పలుకరించుకొంటాము. "దేవుని కృపవల్ల బాగున్నామండీ" అనే జవాబు పూర్తికాక ముందే మరొకరివైపు తిరుగుతాము. మాట మంచిదే. అయితే మనస్సు దానితో ఉన్నదా?

రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములోని షూనేమీయురాలిని చూడండి. బిడ్డ ఆమె తొడమీదనే చనిపోయాడు. కర్మెలుకు వెళ్లే దారిలో గేహజీ ఎదురై ఇంటిల్లిపాది క్షేమమడిగాడు. క్షేమమేనని చెప్పి ఆమె సాగిపోయింది. దారిలో ఎదురైన ప్రతివారికి గుండె విప్పవలసిన పనిలేదు. కాని ఎలీషా పాదములు పట్టుకొన్నప్పుడు ఆమె వేదన బయటపడింది. గేహజీ ఆమెను తోలివేయబోతే ఎలీషా ఆపాడు, విన్నాడు, చివరకు ఆమె వెంట ఆ ఇంటికి వెళ్లాడు. మన సంఘములోను "బాగున్నాం" అనే మాట వెనుక అప్పులో మునిగిన రైతు, కొడుకు త్రాగుడువలన నిద్రలేని తల్లి ఉండవచ్చును. వారికి గేహజీలు చాలామంది దొరుకుతారు. ఎలీషా దొరుకుతున్నాడా?

యోవాబు అమాశాను సహోదరుడని పిలిచి, క్షేమమడిగి, ముద్దుపెట్టుకొనేవానివలె గడ్డము పట్టుకొని కత్తితో పొడిచాడు (2 సమూయేలు 20). మన చేతిలో కత్తి లేదు. అయితే గుమ్మంలో వందనం చెప్పి, బోరింగు దగ్గర వారి ఇంటి గుట్టు విప్పే నాలుక కత్తికంటె తక్కువదా?

పౌలు రోమా పత్రిక 16వ అధ్యాయములో ఇరవైమందికి పైగా పేరుపేరున వందనములు చెప్పాడు. పెర్సిసు పడిన ప్రయాస ఆయన మరువలేదు. రూఫు తల్లి తనకును తల్లియే అన్నాడు. మనిషిని ఎరిగి చెప్పిన వందనమంటే అది.

కనుక ఈ ఆదివారం ఒక్కరినైనా పేరుతో పలుకరించి, జవాబు వచ్చేవరకు నిలబడదాము. "ప్రార్థన చేస్తాం" అని చెప్పి మరచిపోవుటకంటె, అక్కడే రెండు మాటలు ప్రార్థించుదాము. జ్వరమని చెబితే, ఆసుపత్రికి తోడు ఎవరున్నారని అడుగుదాము. చెప్పిన సంగతి మన దగ్గరే ఉంచుదాము. అప్పుడు బాగాలేనివారు బాగాలేదని చెప్పుకొనే చోటు మన సంఘమవుతుంది.

అట్టి యథార్థమైన మనస్సు ప్రభువు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.