తాడు బిగిస్తే మనిషి చెట్టు

నడత, నడవడి, నడవడిక: ఈ మూడు మాటలూ ‘నడచు’ అనే క్రియనుంచి పుట్టినవే. మనిషి మంచిచెడ్డలను వాడి నడకతో కొలిచిన భాష మనది. ఆ లెక్కన మా కౌతాళంలో మెడకు పట్టీ కట్టించుకుని షికారు తిరిగే కుక్కల్లో నడవడిక గలవాటిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కుక్క ముందు, తాడు మధ్య, యజమాని వెనక. ఎవరు ఎవరిని తిప్పుతున్నారో పోల్చుకోవడం కష్టం.

నవ్వి వూరుకుందామంటే దీని వెనక ఒక దిగులుంది. లాగే కుక్కతో షికారు రెణ్ణెల్లకే విసుగెత్తిస్తుంది. మొదట తండ్రి మానేస్తాడు, తర్వాత పిల్లలు. ఆపైన గేటుపక్క స్తంభం, రెండు గజాల గొలుసు. అక్కడే తిండి, అక్కడే నిద్ర. వచ్చేపోయేవాళ్ళను చూసి మొరగడమొక్కటే కాలక్షేపం. అలా రెండేళ్ళు బతికిన కుక్క ఒకనాడు గొలుసు తెంచుకుని పాలబ్బాయి పిక్క పట్టుకుంటే, తప్పంతా కుక్కదేనంటామా?

మా యింటికి రెణ్ణెల్ల పసిదిగా వచ్చిన పిల్ల యిప్పుడు అయిదో నెలలో పడింది. జాతి అడక్కండి, వూరి జాతే. పేరు రాజు. మా అమ్మకు డెబ్బయి నాలుగేళ్ళు. రోజూ పొద్దున్నే గుడికి వెళ్ళేటప్పుడు వాణ్ణి తానే వెంటబెట్టుకుపోవాలని ఆవిడ పట్టు. ఏడాది నిండేసరికి రాజు పదిహేను కిలోలకు తగ్గడు. ఒక్క గుంజు గుంజాడంటే, ఆ వయస్సులో తుంటి ఎముక సంగతి చెప్పనక్కరలేదు. కనుక వాడు బలం పుంజుకోకముందే ఈ చదువు పూర్తికావాలి.

అసలు కుక్క ఎందుకు లాగుతుంది? పొగరని కొందరంటారు. కాదు, లాగితే పని జరుగుతుంది గనుక లాగుతుంది. మూలమీది చెత్తకుప్ప వాసన కావాలి, లాగింది, మనం నాలుగడుగులు వెంట వేశాం, వాసన దొరికింది. పాఠం చెప్పింది మనమే! ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పిల్లులను పెట్టెల్లో మూసి, అవి గడియ తీసుకుని బయటపడడం ఎలా నేర్చుకుంటాయో గమనించి 1898లో ప్రకటించాడు. ఫలించిన చేష్ట నిలుస్తుంది, ఫలించనిది క్రమంగా రాలిపోతుంది. పోనీ వెనక్కి గుంజుదామా అంటే, మెడను వెనక్కి లాగేకొద్దీ పిల్ల ముందుకే తన్నుకుంటుంది. పలుపు పట్టి దూడను లాగి చూసిన ప్రతి రైతుకూ ఈ సంగతి తెలుసు.

అందుకని మా యింటి చట్టం ఒక్కటే. తాడు బిగిసిందా, మనిషి చెట్టు. కదలడు, తిట్టడు, గుంజడు. పిల్ల వెనక్కి చూసి ఒక అడుగు యిటు వేసి తాడు వదులయిందా, ఆ క్షణంలోనే మళ్ళీ నడక. మోకాలిపక్కకు వచ్చి నడిస్తే గోరంత జొన్నరొట్టె తునక. ఆ తునకైనా మన కాలిపక్కనే అందించాలి. ముందుకు చాచి యిస్తే ముందుకు ఉరకడమే నేర్చుకుంటుంది. మొదటిరోజు గేటునుంచి వీధిమొగదాకా నలభై గజాలకు పావుగంట పట్టింది. చూసినవాళ్ళు నాకేదో నొప్పి వచ్చి నిలబడిపోయాననుకున్నారు కాబోలు, యిద్దరు మంచినీళ్ళు కావాలా అని అడిగారు.

వీధికి ముందు యింట్లో కొంత తతంగముంది. తిండివేళల్లో మెడపట్టీ కట్టి అలవాటు చెయ్యాలి. తర్వాత తేలికపాటి తాడు కట్టి, మనం చూస్తుండగా ఈడ్చుకు తిరగనివ్వాలి. తర్వాత పెరట్లో పాఠం, అయిదు నిమిషాలకు మించకుండా. టీకాలు పూర్తికానిదే వీధికుక్కలు తిరిగే నేలమీద దింపరాదు. 1978లో లోకం గుర్తించిన పార్వో వ్యాధి పిల్లలపాలిట యముడు. దాని సూదులు పదహారో వారందాకా విడతలుగా పడాలి. మూడోనెల నిండాక రేబిస్ సూది సరేసరి. ఎమ్మిగనూరు నేతవాళ్ళ వూరు గనుక మాకు నూలు పట్టీకి కొదవ లేదు. అయిదారడుగులుంటే చాలు. మెడకు బిగిసే ఉచ్చుగొలుసు మాత్రం వద్దు, గొంతు నలుగుతుంది.

ఇక మా యింటి పేచీ. మాది కన్నడం కూడా వినిపించే సీమ. రాజును అమ్మ “బా, బా” అని పిలుస్తుంది. మా ఆవిడ “రా” అంటుంది. అబ్బాయి “కమాన్” అంటాడు. వాడికి మూడు భాషల్లోనూ ఓనమాలు రాలేదు! చివరకు “బా” ఖాయమైంది. అంతకంటే చిక్కు అబ్బాయి దయాగుణం. పదిసార్లు నిలబడి, పదకొండోసారి “పాపం” అని వెంట పరుగెత్తుతాడు. ఎప్పుడూ ఫలించని లాగుడు చస్తుంది గాని, ఎప్పుడో ఒకసారి ఫలించే లాగుడు మొండిదవుతుంది. లాటరీ టిక్కెట్టు కొనేవాడి ఆశలాంటిది. వాడి చేతికి తాడివ్వడం ప్రస్తుతానికి మానుకున్నాం.

మొన్న పొలాల దారిలో గొర్రెలమంద ఎదురైంది. రాజు రెండు కాళ్ళమీద లేచాడు. గొర్రెలకాపరి నిలబడి చూసి, “తాడు ఏంటికి సార్? మీరు కుక్కను సూడగూడదు, కుక్క మిమ్మల్ని సూడల్ల” అన్నాడు. అతని కుక్క అతని కాళ్ళదగ్గరే, తాడూ లేదు, గొలుసూ లేదు. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్కకూ తాడున్నట్టు నేనెక్కడా చదవలేదు. కాని లారీలూ ఆటోలూ తిరిగే రోడ్డుమీద తాడు తప్పదు. మంద ఎదురైతే దూరంగా తప్పుకుని, పిల్ల మనవైపు చూసినప్పుడల్లా తునక పెట్టడం మంచిది. శ్రావణంలో ఉరుకుంద ఈరన్నస్వామికి జనం వచ్చే రోజుల్లో మాత్రం రాజుకు సెలవు. ఎండాకాలమైతే చెయ్యి తిరగేసి నేలమీద ఆనించి చూస్తాం. మనకు చురుక్కుమంటే వాడికీ అంతే.

ఇంట్లో అందరిలోకీ మంచి గురువు అమ్మే అని తేలింది. నాకు ఆదోని బస్సు తొందర, అబ్బాయికి బడి తొందర. ఆవిడకే తొందరా లేదు. పెరట్లో తాడు బిగిసినప్పుడల్లా కళ్ళు మూసుకుని స్తోత్రమేదో చదువుకుంటూ నిలబడుతుంది. రెండో చరణానికల్లా రాజు వచ్చి పాదాలదగ్గర కూర్చుంటున్నాడు. వీధిలోకి యింకో నెల ఆగమని చెప్పాను. ఆవిడ అప్పుడే జారని చెప్పులు కొనిపించుకుంది.