చప్పుడు కొంటున్నారా, పికప్ కొంటున్నారా?

పాత కారు చేతికి రాగానే యజమానికి పుట్టే మొదటి కోరిక రంగు వేయించడం. రెండోది ఇంజన్ గొంతు మార్చడం. రంగు నచ్చకపోతే మళ్లీ వేయించుకోవచ్చు. గొంతు విషయంలో తప్పటడుగు వేస్తే జేబుకు చిల్లు పడటమే కాదు, యాభై ఏళ్ల నాటి అసలు భాగం ఒకటి పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరుతుంది. అందుకే పెర్ఫార్మెన్స్ ఎగ్జాస్ట్ మెనీఫోల్డ్, అంటే మెకానిక్‌ల భాషలో ‘హెడర్’, కొనే ముందు కాస్త ఆగి ఆలోచించడం మంచిది.

మన దేశంలో ఈ ప్రశ్న ఎక్కువగా ఎదురయ్యేది అంబాసిడర్ యజమానులకే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 మేలో ఉత్పత్తి ఆగిపోయాక ఈ బండికి అభిమానులు తగ్గలేదు సరికదా, కొత్త తరం కూడా తోడైంది. దశాబ్దాల పాటు దాన్ని లాగిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బ్రిటన్‌కు చెందిన బీఎంసీ ‘బీ సిరీస్’ కుటుంబంలోది. అదే కుటుంబంలోని 1798 సీసీ ఇంజన్ ఎంజీబీ స్పోర్ట్స్ కారును నడిపించింది. ఆ బంధుత్వం చూసే చాలామంది మన అంబాసిడర్ కూడా హెడర్ తగిలిస్తే పరుగందుకుంటుందని ఆశపడతారు.

ఆశలో కొంత నిజముంది. సిలిండర్ నుంచి కాలిన వాయువు ఒక్క ఉదుటున బయటికొస్తుంది. దానితోపాటు పుట్టే ఒత్తిడి అల గొట్టంలో పరుగెత్తి, గొట్టాలు కలిసే చోటికి చేరి, తక్కువ ఒత్తిడి అలగా మారి వెనక్కి వస్తుంది. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు తెరిచి ఉండే క్షణంలో ఆ అల తిరిగొస్తే మిగిలిన పొగను లాగేస్తుంది, కొత్త పెట్రోల్ మిశ్రమాన్ని లోపలికి పిలుస్తుంది. హెడర్ రహస్యమంతా ఇదే.

అయితే ఆ అల సరిగ్గా సమయానికి చేరేది కొన్ని ఆర్‌పీఎంల దగ్గరే. గొట్టం పొడవుగా ఉంటే తక్కువ వేగంలో, పొట్టిగా ఉంటే ఎక్కువ వేగంలో ఫలితం దక్కుతుంది. రేస్ ట్రాక్ కోసం చేసిన పొట్టి, లావుపాటి గొట్టాలు ఊళ్లో తిరిగే బండికి బిగిస్తే పైన కొద్దిగా లాభం, కింద చాలా నష్టం. అంబాసిడర్‌ను నాలుగు వేల ఆర్‌పీఎం దాటించి నడిపేవారు అరుదు. కాబట్టి మొదటి ప్రశ్న ఏ బ్రాండ్ కొనాలన్నది కాదు, మీరు బండిని ఏ వేగంలో నడుపుతారన్నది.

ఇక్కడే ‘బ్యాక్ ప్రెషర్ ఉండాలి సార్’ అనే మాట వినిపిస్తుంది. ఏ ఇంజనూ తన పొగకు అడ్డు పడాలని కోరుకోదు. లావు గొట్టం వేశాక పికప్ పడిపోవడానికి కారణం అడ్డు తగ్గడం కాదు, వాయువు వేగం తగ్గడం. గొట్టం లోపలి వ్యాసం హెడ్‌లోని పోర్టు కన్నా కొద్దిగా ఎక్కువ ఉంటే చాలు. పోర్టు కన్నా చిన్నది అసలు పనికిరాదు.

రెండో ప్రశ్న, మీ బానెట్ కింద ఏ ఇంజన్ ఉంది? బీ సిరీస్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు ఎగ్జాస్ట్ పోర్టులు మూడే. 2, 3 సిలిండర్లు మధ్య పోర్టును పంచుకుంటాయి. దీనికి సరైన డిజైన్‌లో 1, 4 సిలిండర్ల గొట్టాలు ముందుగా కలుస్తాయి, పొడవాటి మధ్య గొట్టం వాటితో బాగా కింద కలుస్తుంది. ఇంజన్ పేలే వరుస 1-3-4-2 కాబట్టి ఇలా జతపరిచిన రెండేసి సిలిండర్ల మధ్య సరిగ్గా ఒక పూర్తి చుట్టు ఎడం ఉంటుంది, ఒకదాని పొగ మరొకదానికి అడ్డురాదు. ‘ఫోర్ టు వన్’ అంటూ నాలుగు గొట్టాల హెడర్‌ను ఈ ఇంజన్‌కు అమ్మజూపితే నమస్కారం పెట్టి వచ్చేయండి. 1990లలో వచ్చిన 1800 ఐఎస్‌జడ్ మోడల్‌లోని ఇసుజు ఇంజన్ వేరు, దాని లెక్క వేరు.

ఇక కంపెనీ ఇచ్చిన పోత ఇనుము మెనీఫోల్డ్‌ను మరీ తీసిపారేయకండి. బరువే కానీ, అది చప్పుడును మింగుతుంది, దశాబ్దాలు మన్నుతుంది. బీ సిరీస్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఇంజన్‌కు ఒకే పక్కన ఉంటాయి. పలుచటి ఉక్కు గొట్టాలు వేస్తే కార్బురేటర్ కింద వేడి పెరిగి, మే నెల ట్రాఫిక్‌లో పెట్రోల్ ఆవిరై బండి మొరాయిస్తుంది. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోల్‌తో ఆ బెడద మరింత ఎక్కువ. హెడర్ వేసేవారు మధ్యలో హీట్ షీల్డ్ తప్పక పెట్టించుకోవాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్ని. హెడ్‌కు ఆనే ఫ్లాంజ్ పట్టీ మందంగా ఉండాలి. స్టీలు స్కేలు ఆనించి చూస్తే వంకర తెలిసిపోతుంది. పలుచటి పట్టీ వేడికి వంగి ప్యాకింగ్‌ను ఊదేస్తుంది. గొట్టం వంపుల్లో నొక్కుళ్లు ఉండకూడదు, వెల్డింగ్ ముద్దలు లోపలికి పొడుచుకు రాకూడదు. మామూలు ఉక్కు చవక, కానీ తుప్పు పడుతుంది. దానిమీద గుడ్డ పట్టీ చుడితే తేమ నిలిచి మరీ త్వరగా తినేస్తుంది. సముద్ర తీరంలో ఉండేవారికి స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. ఇంజన్ ఊగినప్పుడు గొట్టం విరగకుండా కింద ఫ్లెక్సిబుల్ జాయింట్ అవసరం.

హెడర్ ఒక్కటే అద్భుతాలు చేయదు. పాత సైలెన్సర్ మూసుకుపోయి ఉంటే ముందున్న గొట్టం ఎంత మంచిదైనా వృథా. పొగ సాఫీగా పోతే మిశ్రమంలో పెట్రోల్ పాలు తగ్గవచ్చు. సోలెక్స్ కార్బురేటర్‌కు జెట్, ఎస్‌యూకు నీడిల్ మార్చాల్సి రావచ్చు. అలా ట్యూన్ చేయకుండా నడిపితే వాల్వులు మాడతాయి. ఇంత చేసినా, క్యామ్ షాఫ్ట్, కార్బురేటర్ మార్చని 1489 సీసీ ఇంజన్‌లో కనిపించే తేడా స్వల్పమే. చెవికి తెలిసినంతగా కాలికి తెలియదు.

చట్టం సంగతీ చూడాలి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, మొదటిసారికే రూ.10,000 దాకా జరిమానా పడవచ్చు. అంతకన్నా ముఖ్యమైనది 2021 జులైలో కేంద్రం నోటిఫై చేసిన వింటేజ్ వాహనాల నిబంధన. 50 ఏళ్లు దాటిన కారుకు ‘వీఏ’ సిరీస్ నంబరు కావాలంటే అది అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. 1970ల తొలినాళ్ల అంబాసిడర్లు ఇప్పటికే ఆ వయసు దాటేశాయి. తనిఖీ అధికారి ముందు నిలబడి హెడర్ పెద్ద మార్పు కాదని వాదించే కన్నా అసలుది బిగించి తీసుకెళ్లడం సులువు. అందుకే హెడర్ వేసినా పాత మెనీఫోల్డ్‌ను నూనె పూసి అటక మీద దాచండి. హెడ్‌ను కోయించవద్దు, కొత్త రంధ్రాలు పెట్టించవద్దు. చేసిన ప్రతి మార్పూ వెనక్కి తీసుకోగలిగేదై ఉండాలి.

మరి ఏం చేయాలి? ముందు ఉన్నదాన్ని పరీక్షించండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్కుటిక్కుమని, వేడెక్కాక తగ్గిపోయే శబ్దం వస్తే ప్యాకింగ్ దగ్గరో పగులు దగ్గరో లీకు ఉందని అనుమానించాలి. దాన్ని అలక్ష్యం చేయకూడదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరితే ప్రాణాలకే ముప్పు. మెనీఫోల్డ్ ముఖాన్ని మిషన్ మీద చదును చేయించి, కొత్త ప్యాకింగ్ వేసి, మంచి సైలెన్సర్ బిగిస్తే చాలామందికి అక్కడితో సరిపోతుంది. ఇంజన్‌ను పూర్తిగా ట్యూన్ చేయించే ఉద్దేశం, ర్యాలీల్లో దౌడు తీయించే సరదా ఉన్నవారు మూడు గొట్టాల హెడర్‌కు వెళ్లవచ్చు.

మిగిలినవారు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. అంబాసిడర్ గొప్పదనం ఏనాడూ దాని వేగంలో లేదు. ఎంత బరువు వేసినా, ఎంత గతుకుల దారైనా టాప్ గేర్‌లో నింపాదిగా లాక్కెళ్లే ఓపికలో ఉంది. ఆ ఓపికను చెడగొట్టని మెనీఫోల్డే మంచి మెనీఫోల్డ్.