సోమవారం దగ్గు

మా మనవరాలు యూనివర్సిటీలో పోస్టర్ పెడుతోంది. పత్తి దుమ్ము, సోలాపూర్ మిల్లుల కార్మికుల ఊపిరితిత్తులు, అదీ సంగతి. నేల మీద పరిచి "తాతా, చూడు" అంది. "చీమలబారు లెక్క రాసినవేందే! చదివేటోడు నాలుగడుగుల దూరంల నిలబడతడు" అన్న. సగం కొట్టేసింది.

బిసినోసిస్ అని రోగం పేరు పెద్దగా రాసింది. మాకు ఆ పేరు తెల్వదు. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం పాళీకెక్కితే ఛాతీ పట్టేసేది, మంగళవారానికి కొంచెం తేలికయ్యేది. బీడీల వల్లనే అని మిల్లు డాక్టరు పంపించేటోడు. కార్డింగ్ ఖాతాల నా జోడీదారు బీడీ ముట్టలేదు. దగ్గి దగ్గి పోయిండు.

పిల్ల కాసేపు మాట్లాడలే. తర్వాత అన్నిటికంటే పైన "సోమవారం" అని రాసింది.

రాత్రి నన్నే ప్రొఫెసర్‌ను చేసి నాలుగుసార్లు అప్పజెప్పింది. నాలుగోసారి కాగితం చూడలే.