గోడమీద సర్టిఫికెట్, ఇంట్లో ఆడపిల్ల

ఇంటర్ బైపీసీ అయిపోయి నీట్‌లో సీటు రాని పిల్లల్ని ఏం చదివించాలని ప్రతి ఎండాకాలం బందరు నుంచీ, గుడివాడ నుంచీ, అవనిగడ్డ నుంచీ నాకు ఫోన్లొస్తాయి. జర్నలిస్టుకి అన్నీ తెలుసని మనవాళ్ళ గుమాన్. డి.ఫార్మసీ చదివించమని చెప్తాను. చెప్పాక ఒక షర్త్ కూడా పెడతాను: చదివిన పిల్ల కౌంటర్‌లో నిలబడాలి. ఆ షర్త్ దగ్గరే అవతలివైపు ఖామోష్ అవుతారు.

అమెరికాలో ఉన్న చుట్టాలు కమ్యూనిటీ కాలేజీలో ఫార్మసీ టెక్నీషియన్ కోర్సు గురించి గొప్పగా చెప్తారు. మంచిదే. కానీ అక్కడ టెక్నీషియన్ ఇంకో ఫార్మసిస్టు నిగ్రానీలో పనిచేయాలి. మన దగ్గర రెండేళ్ళ డిప్లొమా, దానిపైన 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్ పూర్తిచేసి, కౌన్సిల్ నిబంధనల ప్రకారం రిజిస్టరైతే ఆ పిల్లే ఫార్మసిస్టు. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇచ్చే హక్కు రిజిస్టర్డ్ ఫార్మసిస్టుకే ఉంది. ఓ మామూలు ఇంటి పిల్లకి ఇరవై ఏళ్ళకే ఇంత ఇఖ్తియార్ ఇచ్చే చదువులు ఎన్ని ఉన్నాయి?

మరి మనం చేస్తున్నదేంటి? "బేటీ షాపులో నిలబడక్కర్లేదు భయ్యా, సర్టిఫికెట్ పెడితే చాలు, నెలనెలా పైసలొస్తాయి" అని ఒక తల్లి నాతో ఖుషీగా చెప్పింది. పిల్ల ఫోటో, రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కడో షాపు గోడమీద ఫ్రేములో ఉంటాయి. చీటీ చదివి మందిచ్చేది పదో తరగతి ఆపేసిన కుర్రాడు. వాడి తప్పేం లేదు, వాడిదీ మజ్బూరీయే. కొన్ని రిష్తాల్లోనైతే ఇదే జహేజ్. లడ్కా మెడికల్ షాపు పెడతాడు, లైసెన్సు కోసం డి.ఫార్మసీ దుల్హన్ కావాలి. నిఖా అయ్యాక షాపు అతనిది, వంటిల్లు ఆమెది, చట్టం ముందు జవాబుదారీ మాత్రం ఆమె పేరు. ఈ పిల్లలు రెండో ఏడాదిలో 'ఫార్మసీ లా అండ్ ఎథిక్స్' అనే పేపరు రాసి పాసవుతారు మరి!

ఇది అన్ని కౌముల్లోనూ ఉన్న బీమారీయే, మనకొక్కరికే అంటగట్టను. కానీ వడ్డీ ముట్టుకోకూడదని, జబీహా కాని గోష్త్ తినకూడదని అంత ఖయాల్‌గా ఉండే మనం, ఈ కిరాయి పైసల గురించి ఒక్క జుమా ఖుత్బాలోనైనా మాట్లాడామా? రిజిస్ట్రేషన్ ఒక అమానత్. "ఇక్కడ మందు నేను చూసి ఇస్తున్నాను" అనే గవాహీ. చూడకుండా ఇచ్చే గవాహీకి మన దీన్‌లో ఏం పేరుందో నేను చెప్పక్కర్లేదు.

షాపులో చదువుకున్న మనిషి ఉంటే ఏం ఫరక్ అంటారా? రంజాన్ నెల చూడండి. షుగర్ ఉన్న నానీ రోజా ఉంటుంది. ఆమె గ్లిమెపిరైడ్ వేసుకుంటోందనుకోండి, పగలంతా తినకపోతే షుగర్ పడిపోయే ఖత్రా ఉంది. "రోజా ఉంటున్నారా? డోసు, టైము మార్చాలేమో, ముందు డాక్టర్ని కలవండి" అని కౌంటర్‌లో ఒక్కరు అడిగితే చాలు. ఆ కుర్రాడికి పట్టీ రంగు తెలుసుగానీ ఈ సంగతి తెలీదు. ఇన్సులిన్‌దీ అంతే. తెరవని వయల్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తుఫాను వస్తే రోజుల తరబడి కరెంటు పోయే దివిసీమలో, ఫ్రిజ్ ఆగాక ఆ మందు పనికొస్తుందో లేదో ఎవరు తేల్చాలి?

కోడూరు దాటి హంసలదీవి వైపు వెళ్తే ఆ పైన కృష్ణమ్మ సముద్రంలో కలవడమే, ఇంకో ఊరు లేదు. అలాంటి చివరి ఊళ్ళ జనానికి ప్రతిసారీ డాక్టరు దొరకడు. మందుల షాపే దవాఖానా. అక్కడ మన జైనబో, వాళ్ళ లక్ష్మో తెల్లకోటు వేసుకుని నిలబడితే, నెలసరి గురించి, తెల్లబట్ట గురించి మగపిల్లాడితో చెప్పలేక నొప్పి భరించే ఆడవాళ్ళు నోరు తెరుస్తారు. పర్దా మాట తెచ్చే పెద్దలు ఈ వైపు నుంచి కూడా ఆలోచించాలి. ఆ ఆడవాళ్ళ పర్దా సంగతేంటి? మగవాళ్ళ కళ్ళ ముందు సైగలతో మందు అడగడమేనా హయా? హిజాబ్‌తో కౌంటర్‌లో నిలబడి పనిచేయడానికి ఏ అడ్డూ లేదు.

జీతం తక్కువ, నిజమే. షాపుల్లో ఇచ్చేది చూస్తే నాకూ కోపమొస్తుంది. అందుకే మనవాళ్ళకి కిరాయి తేలికగా కనిపిస్తోంది. అయితే కౌంటర్ అనుభవం ఉన్న పిల్ల రేపు సర్కారీ ఫార్మసిస్టు నోటిఫికేషన్‌కి దర్ఖాస్తు పెట్టుకోగలదు, సొంత షాపు నడపగలదు. రెండేళ్ళు ఇంట్లో కూర్చున్న పిల్ల మందుల పేర్లే మర్చిపోతుంది.

ఇప్పటికే సర్టిఫికెట్ ఇచ్చేసినవాళ్ళు ఒక పని చేయండి. ఆ షాపులో ఏం అమ్ముతున్నారో, షెడ్యూల్ హెచ్1 రిజిస్టరులో మీ పిల్ల పేరుతో ఎవరు సంతకం పెడుతున్నారో వెళ్ళి చూడండి. ఆ రిజిస్టరు మూడేళ్ళు దాచాలి, అంటే ఆ సంతకాలు అన్నాళ్ళూ అక్కడే ఉంటాయి. మానిపించాలనుకుంటే షాపువాడికి నోటిమాట చెప్పి ఊరుకోవద్దు. డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసుకి, ఫార్మసీ కౌన్సిల్‌కి పిల్ల చేత్తోనే రాయించి, అందినట్టు రసీదు తీసుకోండి.