గిటారు పెట్టెకు కొత్త గొంతు

పోయిన నెల మిక్సీ మోటారు సంగతి ముచ్చటించుకున్నాం. యీ నెల పెద్దలు కొందరు నొసలు చిట్లించినా సరే, పిల్లల గిటారు ఆంప్లిఫయరు గురించి చెప్పక తప్పదు. వుగాది సభలో హరికథ ముగిశాక కుర్రవాళ్లు గిటారు పట్టుకుని వేదిక యెక్కడం యిప్పుడు చాలాచోట్ల మామూలయింది గదా! ఆ పెట్టెలో స్పీకరు పోతే, మొత్తం పారేసి కొత్తది కొనమనేవారికి కొదువ లేదు. ఆంప్లిఫయరు బాగున్నంతవరకు ఆ ఖర్చు అనవసరం. స్పీకరు మార్చుకుంటే చాలు. కాని తెలియక మారిస్తే బాగున్న ఆంప్లిఫయరు కూడా కాలిపోతుంది. అసలు భయం అక్కడే.

ముందుగా స్పీకరు నిజంగా పోయిందో లేదో చూడాలి. కరెంటు ప్లగ్గు పీకి, స్పీకరు తీగలు రెండూ విడదీసి, మల్టీమీటరు పెట్టండి. 8 ఓముల స్పీకరు ఆరో, ఏడో చూపుతుంది. ముల్లు కదలకపోతే లోపలి తీగచుట్ట తెగిందన్నమాట. కోను మీద రెండు వైపులా వేళ్లుంచి మెల్లగా నొక్కినప్పుడు బరబరమంటే చుట్ట రాసుకుంటోంది. యీ రెండూ లేకుండా వాయించేటప్పుడు మాత్రమే గరగరమంటే, వెనుక చెక్క మరలు బిగించి చూడండి. సగం రోగాలు అక్కడే కుదురుతాయి. వాల్వుల ఆంప్లిఫయరయితే దాని లోపల మాత్రం చేయి పెట్టకండి. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి వుండవచ్చు.

యిక కొనేటప్పుడు మొదట చూడవలసినది ఓములు. ఆంప్లిఫయరు వెనుక 4, 8, 16 అని యేదో వొకటి రాసి వుంటుంది. వాల్వుల దానికి సరిగ్గా అంతే వుండాలి. స్పీకరు తగిలించకుండా దాన్ని వాయించనే కూడదు, అవుట్‌పుట్ ట్రాన్సుఫార్మరు దెబ్బతింటుంది. ట్రాన్సిస్టరుదానికి రాసినదానికన్న తక్కువ ఓములు ప్రమాదం. యెక్కువైతే మోత కొంత తగ్గుతుంది, అంతే. రెండు 8 ఓముల స్పీకర్లు వరుసగా కలిపితే 16, పక్కపక్కన కలిపితే 4 అవుతుంది.

తరువాత వాట్లు. స్పీకరు వాట్లు ఆంప్లిఫయరు వాట్లకన్న యెక్కువ వుండాలి. 15 వాట్ల ఆంప్లిఫయరుకు 25, 30 వాట్లది హాయిగా సరిపోతుంది. యిక్కడే బజారులో మోసపోతాం. మద్రాసు రిచీ వీధిలోనైనా, బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనైనా కారు స్పీకరు చూపించి, '300 వాట్లు సార్, గిటారువాటికన్న చవక' అనేవారు వుంటారు. వాట్లంటే ఆ స్పీకరు యెంత తట్టుకుంటుందో చెప్పే లెక్కే గాని, యెంత మోగుతుందో చెప్పేది కాదు. మోతకు లెక్క వేరే వుంది: వొక వాటు యిచ్చి, వొక మీటరు దూరంలో కొలిచిన డెసిబెల్సు. గిటారు స్పీకర్లకు యిది సాధారణంగా 97 మొదలు 100 దాకా వుంటుంది. కారు వూఫర్లలో చాలావాటికి 90 దాటదు. పది డెసిబెల్సు తేడా పూడాలంటే పదిరెట్లు వాట్లు కావాలి! 30 వాట్ల ఆంప్లిఫయరుకు ఆ కారు వూఫరు తగిలిస్తే 3 వాట్లదిలా మూలుగుతుంది. పైగా అవి చాలావరకు 4 ఓములవి. పాటలు వినే హైఫై స్పీకరూ పనికిరాదు. గిటారు స్పీకరు 5,000 హెర్ట్జు పైనున్న ధ్వనిని చాలావరకు తానే మింగేస్తుంది. ఆ మింగడం వల్లనే ఆ గరుకు స్వరం చెవికి యింపుగా వుంటుంది. హైఫైలో అదే చెవిలో యీగ దూరినట్టుంటుంది.

పెట్టె సంగతికి వస్తే, వెనుక తెరిచినదా, మూసినదా అన్నదే పెద్ద ప్రశ్న. ఇంగ్లండు వాక్సువారి ఏసీ 30 రెండు 12 అంగుళాల స్పీకర్లతో వెనుక తెరిచి వుంటుంది. ధ్వని గదంతా పరుచుకుంటుంది. 1960లలో వచ్చిన మార్షల్‌వారి నాలుగు స్పీకర్ల పెట్టె మూసినది. మంద్రం గట్టిగా వుండి, మోత ముందుకే దూసుకువెళుతుంది. యింట్లో సాధకానికి నేను తెరిచినదే మంచిదంటాను, గోడకు వొక అడుగు దూరంగా పెట్టి. పెద్ద హాలులో వేదికకు మూసినది. వడ్రంగిచేత చేయిస్తే 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్డు అడగండి. పొట్టుచెక్క బరువెక్కువ, మరలు పట్టు వదులుతాయి. 12 అంగుళాల స్పీకరుకు కన్నం దాదాపు 11 అంగుళాలే. దుకాణంలో యిచ్చే కొలతల కాగితం వడ్రంగికి చూపించిన తరువాతే కోయించండి.

రెండు స్పీకర్లు పెట్టేవారు బిగించేముందు 1.5 వోల్టుల టార్చి సెల్లుతో వొక్కొక్కదాన్ని తాకించి చూడాలి. సెల్లు ప్లస్సు స్పీకరు ప్లస్సుకు తగిలినప్పుడు రెండు కోనులూ వొకే వైపు కదలాలి. వొకటి ముందుకు, వొకటి వెనుకకు పోతే మంద్రం కరిగిపోతుంది. ఆ వొక్కదాని తీగలు తారుమారు చేయండి. ఆంప్లిఫయరునుంచి పెట్టెకు మాత్రం గిటారు తీగ వాడకండి, పైకి రెండూ వొకేలా కనిపిస్తాయి. స్పీకరు తీగ అని అడిగి లావుపాటిది తెచ్చుకోండి.