పెంపుడు పిల్ల రావాలి, నాటుచేప పోకూడదు

వానలకు చెరువు నిండితే పలాస, టెక్కలి ప్రాంతాల్లో బొచ్చె, రోహు పిల్లల్ని వదులుతారు. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి ఇంజక్షనుతో కార్పు చేపలచేత గుడ్లు పెట్టించాక ఈ పిల్ల దేశమంతా పాకింది. మంచిదే. అయితే పిల్లను వదిలేముందు ఇప్పచెక్క వేసి మట్టగిడస, మార్పుచేప, ఇంగిలాయిలను కలుపు చేపలని చంపమంటారు. ఊరుమ్మడి చెరువులో ఇది తగదు.

బొచ్చె, రోహు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. ఏటా పిల్ల కొనాల్సిందే. నాటుచేప తొలకరికి నీటికి ఎదురెక్కి, వరిమళ్లలో తనంతట తానే సంతతి పెంచుకుంటుంది. కార్పు సొమ్ము వేలం పాడుకున్నవాడిది. మావులో పడ్డ మట్టగిడస కూలివాడి కూర.

ఆఫ్రికా క్లారియాసు మరీ ప్రమాదం. సాటి చేపల్ని మింగేస్తుంది. కేంద్రం దీన్ని 2000లోనే నిషేధించింది. వరదకు గట్టు దాటి గెడ్డలో పడిందా, ఇక ఏరి తీయడం ఎవరి తరమూ కాదు.

రైతు సోదరులారా! ఉమ్మడి చెరువులో మందు వేయనివ్వకండి. మట్టగిడస మింగలేని వేలెడు పిల్లనే వదలమనండి. ఎండాకాలం ఒక మూల మడుగు ఎండకుండా చూడండి. వేలం కాగితంలోనే ఈ షరతులు రాయించండి. తర్వాత అడిగితే ఎవరూ వినరు.